వెదురు గెడతో కాలవలు దాటే కుర్రాడు: పోల్‌వాల్ట్‌కి పునాది ఎలా వెయ్యాలి?

పర్లాకిమిడి పీఈటీ

అందరికీ నమస్కారం. ఒడిశా గజపతి జిల్లాలో ఆంధ్రా సరిహద్దుకి ఆనుకున్న హైస్కూల్లో ఒక కుర్రాడి గురించి అడుగుతున్నాను. తొమ్మిదో తరగతి. 14 ఏళ్లు నిండాయి. ఎత్తు 165 సెం.మీ., బరువు 50 కిలోలు. మట్టి ట్రాకు మీద, చేతి గడియారంతో 100 మీటర్లు 12.4 సెకన్లు. లాంగ్‌జంప్ 5.30. మహేంద్రతనయ నది పక్క పొలాల్లో కాలవలన్నీ వెదురు గెడ ఊతంతో దాటేస్తాడు, భయం లేదు. కుడిచేతివాటం, ఎడమ కాలితో ఎగురుతాడు.

పోల్‌వాల్ట్‌లో ప్రపంచ రికార్డులు కొట్టిన బూబ్కా, డుప్లాంటిస్ లాంటివాళ్లు ఏ వయసులో మొదలుపెట్టారు, ఏ మెట్లు ఎక్కి అక్కడికి చేరారన్నది తెలిస్తే ఈ కుర్రాడికి ఇప్పుడు ఏది నేర్పాలో, ఏది ఆపాలో తెలుస్తుంది. ప్రస్తుతం మా దగ్గరున్నది లాంగ్‌జంప్ ఇసుక గుంట, కొండ వెదురు. ఫైబర్‌గ్లాస్ పోల్ లేదు, పరుపు లేదు, గెడ కొన దించే బాక్సు లేదు. వెదురుతో మొదలుపెట్టవచ్చా? పోల్ కొంటే ఏది కొనాలి? ఎక్కడ ప్రమాదం?

గుణుపురం అథ్లెటిక్స్

మాస్టారూ, వయసు మించిపోలేదు. ముందు ఆ దిగులు పక్కన పెట్టండి.

రష్యా పోల్‌వాల్టర్ యెలేనా ఇసిన్‌బయేవా వోల్గోగ్రాద్‌లో 15 ఏళ్ల దాకా జిమ్నాస్టిక్స్ చేసింది. పొడుగైపోయిందని అక్కడ ఆపేశారు. 1997లో గెడ పట్టింది, 1998లో మాస్కోలో జరిగిన వరల్డ్ యూత్ గేమ్స్‌లో 4.00 మీటర్లతో స్వర్ణం గెలిచింది. గెడ కొత్తే గానీ, తలకిందులుగా ఉన్నప్పుడు తన ఒళ్లు ఎక్కడుందో తెలిసే అలవాటు పదేళ్లుగా ఉంది. 2005 జులై 22న లండన్‌లో 5.00 దాటిన తొలి మహిళ ఆమె. 2004 ఏథెన్స్, 2008 బీజింగ్ ఒలింపిక్స్ రెండూ గెలిచింది.

సెర్గీ బూబ్కాది ఇంకో దారి. చిన్నతనంలోనే కోచ్ వితాలీ పెత్రోవ్ చేతికి వచ్చాడు. 15 ఏళ్లప్పుడు కోచ్ వెంట లుహాన్స్క్ వదిలి దొనేత్స్క్ వెళ్లిపోయాడు. మీరు పట్టుకోవలసినది ఆ తర్వాతి సంగతి. 1981 యూరోపియన్ జూనియర్ పోటీల్లో అతనిది ఏడో స్థానం. రెండేళ్లకు, 1983 హెల్సింకిలో, 19 ఏళ్లకే 5.70తో ప్రపంచ ఛాంపియన్. జూనియర్‌గా పతకం రాలేదని పెత్రోవ్ పద్ధతి మార్చలేదు. పరుగు, గెడ దించడం, ఎగరడం, ఈ మూడే రుబ్బించాడు. 1985 జులై 13న పారిస్‌లో 6.00 దాటిన మొదటి మనిషి బూబ్కా. వరసగా ఆరు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు, 35 ప్రపంచ రికార్డులు (ఆరుబయట 17, ఇండోర్‌లో 18), చివరికి ఆరుబయట 6.14, ఇండోర్‌లో 6.15.

డుప్లాంటిస్‌కి ఇంటి పెరట్లోనే రన్‌వే (పరిగెత్తి వచ్చే దారి), పరుపు. తండ్రి గ్రెగ్ స్వయంగా 5.80 దూకినవాడు, తల్లి హెలెనా హెప్టాథ్లెట్. నాలుగేళ్ల వయసు నుంచీ గెడతోనే ఆట. 2018లో బెర్లిన్‌లో 18 ఏళ్లకే 6.05. 2020 ఫిబ్రవరిలో తోరున్‌లో 6.17తో ప్రపంచ రికార్డు అందుకుని, అక్కణ్ణుంచి ఒక్కో సెంటీమీటరు చొప్పున 2025 సెప్టెంబరులో టోక్యోలో 6.30 దాకా తీసుకెళ్లాడు. ఆ పెరడు మనకి లేదు. కాబట్టి మీ కుర్రాడికి దగ్గర దారి ఇసిన్‌బయేవాది: ముందు ఒళ్లు తయారు కావాలి, తర్వాత గెడ.

ముగ్గురి దారులూ వేరైనా లోపల పనిచేసేది ఒకటే, వేగం. పరిగెత్తే వేగమే ఎత్తుగా మారుతుంది. లెక్క మీ తొమ్మిదో తరగతి పిల్లలతోనే వేయించండి: వేగం వర్గాన్ని 19.6తో భాగించాలి. సెకనుకి 7 మీటర్లయితే 2.50 మీ., 8 అయితే 3.27, 9 అయితే 4.13, 10 అయితే 5.10. దీనికి నిలబడ్డ మనిషి గరిమనాభి ఎత్తు, సుమారు ఒక మీటరు, కలపండి. పైన చేతులతో నెట్టుకునేది కొంత కలుస్తుంది, ఎగిరే చోట తప్పుల వల్ల కొంత పోతుంది. ఆరు మీటర్లు దాటేవాళ్లు 10కి అటూ ఇటూ వేగంతో గెడ దించుతున్నారు. మీ కుర్రాడు గెడ పట్టుకుని 7.5 దాకా వస్తాడేమో. అంటే ఇప్పటికి మూడు మీటర్ల ఎత్తులో బారు (దాటాల్సిన అడ్డకర్ర) అతనికి న్యాయమైన లక్ష్యం. అది రాకపోతే లోపం టెక్నిక్‌లో వెతకాలి, దాటేస్తే మాత్రం లోపమంతా వేగంలోనే.

మొదటి ఏడాది వారానికి రెండు రోజులు 30 మీటర్ల పరుగులు, పూర్తి విశ్రాంతితో, ఆరుకి మించకుండా. రెండు రోజులు ఒళ్లు: తాడు ఎక్కడం, బారుకి వేలాడి కాళ్లు బారు దాకా తేవడం, పిల్లిమొగ్గలు, చేతుల మీద నడక. గెడ పని రెండు రోజులే. మైళ్లకు మైళ్లు పరిగెత్తించకండి, అది ఈ ఆటకి పనికొచ్చే పరుగు కాదు.

రాయగడ ఫీల్డ్ కోచ్

వెదురు సంగతి నేను చెప్తాను. మన కొండల్లో దానికి కొరత లేదు గానీ, ఏ బొంగు పడితే ఆ బొంగు పనికిరాదు.

వెదురుని తక్కువగా చూడక్కర్లేదు. 1942లో కార్నీలియస్ వార్మర్‌డామ్ 4.77 దూకింది వెదురుతోనే. ఫైబర్‌గ్లాస్ వాడకం ఊపందుకుంది 1960ల మొదట్లో. వెదురు దాదాపు వంగదు, దానివల్ల తప్పు వెంటనే చేతికి తెలిసిపోతుంది. మొదటి ఆరు నెలలకి అంతకంటే మంచి గురువు లేడు.

మూడేళ్లు ముదిరిన బొంగు తీసుకోండి. లేత బొంగు పచ్చగా, మీద తెల్లటి పొడితో నునుపుగా ఉంటుంది. ముదురుది మసకబారి, వేలితో కొడితే గట్టి చప్పుడు ఇస్తుంది. కణుపులు దగ్గరగా, గోడ మందంగా ఉండాలి. మొదలు వైపు ఒకటిన్నర అంగుళం లావు. పొడవు 3.20 నుంచి 3.40 మీ. కొట్టాక నీడలో, నేలకి ఆనకుండా నెల రోజులు ఆరనివ్వాలి. ఎండలో పెడితే చీలుతుంది, వానకి వదిలేస్తే పుచ్చు పడుతుంది. ఆరాక కణుపుల మీద ముళ్లూ గుబ్బలూ కత్తితో గీకి, ప్రతి రెండు కణుపుల నడుమా గుడ్డ టేపు బిగించి నాలుగు చుట్లు చుట్టండి. చీలినా పేలకుండా కాచేది ఆ టేపే. అడుగున రెండంగుళాల కర్ర బిరడా దిగ్గొట్టి, పైన సైకిల్ ట్యూబు రబ్బరు తొడిగి కట్టాలి. రోజూ మొదలుపెట్టేముందు తడిగుడ్డతో తుడిచి, గోరు నిలువునా లాగి చూడండి. గోరు ఎక్కడైనా పట్టిందంటే అది చీలిక. ఆ గెడ ఇక పందిరికే.

ఇసుక గుంటలో వంశధార ముతక ఇసుక పోయించండి. రోజూ మూరెడు లోతు తవ్వి గుల్ల చెయ్యాలి. ఇసుకలో దిగేది పాదాల మీదే. బారు పెట్టొద్దు, తలకిందులు చేయించొద్దు. పరుపు లేకుండా నడుం తల పైకి వెళ్లే ఏ ఎగురుడూ వద్దు. గడ్డి వామి, కొబ్బరిపీచు పరుపులు చాలవు. పక్కకి ఒరిగితే మెడ విరుగుతుంది.

పట్టు ఎలాగంటే: గెడ నిలువుగా నిలబెట్టి కుడి చెయ్యి ఎంత పైకి అందుతుందో అక్కడ సున్నంతో గుర్తు పెట్టండి. 165 సెం.మీ. కుర్రాడికి సుమారు 2.10 మీ. వస్తుంది. మొదటి వారం ఆ గుర్తు మీద ఒక్క పిడికిలి, అంతే. ఎడమ చెయ్యి కుడిచేతికి ఒక మూర కింద. నడుస్తూ వచ్చి గెడ ఇసుకలో దించి, ఎడమ కాలితో ఎగిరి, గెడకి కుడి పక్కగా దాటి, గెడని పట్టుకునే అవతల నిలబడాలి. నిలబడ్డాక గెడ ఇంకా చేతుల్లో ఉందా, ఎదురుగా చూస్తున్నాడా? ఉంటే మరో పిడికిలి పైకి. గెడ మధ్యలో ఆగి వెనక్కి వచ్చేస్తే ఒక పిడికిలి కిందికి. రెండు అడుగులు, నాలుగు అడుగులు, ఆరు అడుగులు (కొలత అడుగులు కాదు, వేసే అంగలు), ఇలా పరుగు పెంచినప్పుడే పట్టు పెంచాలి. పరుగు పెంచకుండా పట్టు పెంచడమే మొదటేడాది దెబ్బల్లో ఎక్కువ వాటికి కారణం. ఇసుకలో వెదురుతో 2.80 పట్టు దాటించకండి.

చేతులు ఎప్పుడూ ఎక్కబాకకూడదు. నేల వదిలాక కింది చెయ్యి పై చేతిని దాటినా, పై చెయ్యి ఇంకా పైకి జరిగినా పోటీలో అది ఫౌలు. కాలవలు దాటే పిల్లలకి గెడ ఎగబాకే అలవాటు ఉంటుంది. మొదటి రోజే మాన్పించండి.

బరంపురం పోల్స్

పోల్ కొనేటప్పుడు చూడాల్సినవి రెండు అంకెలు, పొడవు, పౌండ్లు. గెడ పై చివర రెండూ రాసి ఉంటాయి. పౌండ్ల అంకె దూకేవాడి బరువు కంటే తక్కువ ఉండకూడదు. 50 కిలోలంటే 110 పౌండ్లు. 3.35 మీ. లేదా 3.65 మీ. పొడవులో 115 పౌండ్ల గెడ సరిపోతుంది. ఎదిగే వయసు, ఆరు నెలల్లో నాలుగు కిలోలు పెరగవచ్చు. నెలకోసారి తూకం వేసి రాసుకోండి. ఎవరో పెద్దవాళ్లు వాడి వదిలేసిన 4.30 గెడ ఊరికే వస్తోందని తీసుకోవద్దు. వాడు దాన్ని నిలువుకి తేలేడు, వెనక్కి రన్‌వే మీద పడతాడు.

ఇంకో అంకె కూడా ఉంటుంది, ఫ్లెక్స్ నంబర్. గెడని రెండు చివర్లా ఆనించి మధ్యలో 50 పౌండ్ల బరువు వేలాడదీస్తే ఎన్ని సెంటీమీటర్లు కుంగిందో అది. అంకె తగ్గేకొద్దీ గెడ గట్టిది. ఒకే పొడవు, ఒకే పౌండ్లు రాసున్న రెండు గెడల్లో తేడా పట్టేది దీనితోనే. గెడలు మారేటప్పుడు ఐదేసి పౌండ్లు ఎక్కాలి. పొడవు, పౌండ్లు రెండూ ఒకేసారి పెంచితే ఏది తప్పిందో తెలియదు.

పట్టు పై చివరి నుంచి ఆరంగుళాల లోపు ఉండాలి. 3.65 గెడ కొని 2.90 దగ్గర పట్టుకుంటే అది రాసున్న పౌండ్ల కంటే చాలా గట్టిగా పనిచేస్తుంది, వంగదు. వంగలేదని కుర్రాడు కింది చేత్తో నెట్టి వంచబోతాడు. ఆ అలవాటు పడితే వదిలించడానికి రెండేళ్లు పడుతుంది. కాబట్టి మీ కుర్రాడికి నా ఓటు 3.35కే.

సరైన పౌండ్ల గెడ విరిగేది ఎక్కువగా బరువుకి కాదు, గాటుకి. షూ మేకు తగిలిన గీత, సిమెంటు అంచు మీద పడిన నొక్కు, అక్కడి నుంచే పగులుతుంది. దూకిన ప్రతిసారీ ఒకరు గెడని పట్టుకోవాలి, నేల మీద పడనివ్వకూడదు. అడుగున రబ్బరు బిరడా అరిగి ఫైబర్ అంచు బాక్సుకి తగులుతుంటే ఆ రోజు ఆట ఆపెయ్యండి. నిల్వకి పీవీసీ గొట్టం చాలు, పడుకోబెట్టే ఉంచాలి, గోడకి చేరగిలేస్తే శాశ్వతంగా వంకర వస్తుంది.

మన కోస్తా చెమటకి పట్టు జారుతుంది. పై చేతి దగ్గర ఇన్సులేషన్ టేపు జిగురు వైపు బయటికి తిప్పి చుట్టి, చేతికి వెయిట్‌లిఫ్టర్లు వాడే తెల్ల పొడి. రెండు చేతుల మధ్య టేపు గుట్టగా రాకుండా ఒకే పొర.

రవాణా ముందే ఆలోచించండి. 3.65 గెడ బోగీలోకి ఎక్కదు. గుణుపురం–నౌపడ లైన్లో చిన్న బండ్లు, బ్రేక్ వ్యానులో చోటు పార్శిల్ ఆఫీసులో రెండు రోజుల ముందే మాట్లాడుకోవాలి. జీపు మీదయితే మూడు చోట్ల కట్టాలి. రెండు చోట్లే కడితే దారి పొడుగునా ఊగి, తాడు ఒరిపిడికే గాటు పడుతుంది. తాడు కింద పాత టవలు చుట్టండి.

పర్లాకిమిడి పీఈటీ

చాలా సంతోషం. నాలుగు వారాలు రాయగడ గారు చెప్పినట్టే చేయించాం. ఇప్పుడు ఆరు అడుగుల పరుగు, 2.70 పట్టు. ఒక ఇబ్బంది వచ్చింది. నడిచి వచ్చినప్పుడు బాగా దాటుతున్నాడు. పరిగెత్తగానే గెడ దిగిన క్షణంలో భుజాలు వెనక్కి గుంజేసినట్టు అవుతోంది, నడుం కింద పట్టేస్తోందంటున్నాడు. ఇసుక మీద ఎడమ పాదం గుర్తు చూశాను, గెడ దిగిన చోటుకి 1.40 మీటర్ల దూరంలో పడుతోంది. నడిచినప్పుడు 1.70. ఇది పెద్ద తేడాయేనా? ఫోనుతో పక్క నుంచి తీసిన వీడియోలో ఎడమ కాలు నేలని తాకేసరికి చేతులింకా నుదుటి ముందే ఉన్నాయి.

గుణుపురం అథ్లెటిక్స్

పెద్ద తేడాయే. జబ్బు కూడా మీరే కనిపెట్టేశారు, చేతులు నుదుటి దగ్గరే ఉన్నాయన్న మాటలో అంతా ఉంది. రెండు మూడు వారాలు గెడ ఎక్కించడం ఆపి ఇదొక్కటే సరిచెయ్యండి. నడుం నొప్పి పూర్తిగా పోయేదాకా ఎగరనివ్వొద్దు. ఎదిగే పిల్లల వెన్నుకి ఈ గుంజుడు మంచిది కాదు.

ఎగిరే క్షణంలో ఎడమ పాదం బొటనవేలు, పై చెయ్యి ఒకే నిలువు గీత మీద ఉండాలి. దాన్ని కొలవడానికి పైథాగరస్ చాలు. గెడ పట్టు పొడవు కర్ణం, నేల నుంచి పై చేతికి ఎత్తు ఒక భుజం, పాదం దూరం రెండో భుజం. ఇసుక మీద 2.70 పట్టు, 2.10 చెయ్యెత్తు అయితే దూరం 1.70. కుర్రాడు నడిచినప్పుడు సరిగ్గా అక్కడే పడుతోంది. పరుగులో 30 సెం.మీ. లోపలికి వచ్చేస్తోంది. పాదం లోపలికి వచ్చేసరికి గెడ అతన్ని ముందు నుంచి ఆపుతుంది, ఒళ్లు విల్లులా వెనక్కి వంగుతుంది, వేగం అక్కడే చస్తుంది.

బాక్సు వచ్చాక లెక్క మారుతుంది, గుర్తుంచుకోండి. బాక్సు వెనక గోడ దగ్గర 20 సెం.మీ. లోతు కాబట్టి చెయ్యెత్తు 2.30 అవుతుంది. అప్పుడు 2.70 పట్టుకి పాదం బాక్సు వెనక గోడ నుంచి 1.41, 3.00 పట్టుకి 1.93, 3.30 పట్టుకి 2.37. పట్టు పది సెంటీమీటర్లు పెరిగినప్పుడల్లా పాదం సుమారు జానెడు లోపు, 15 నుంచి 17 సెం.మీ., వెనక్కి జరగాలి. పట్టు పెంచి, పరుగు మొదలు గుర్తు జరపడం మర్చిపోవడం అందరూ చేసేదే.

పరుగు గుర్తు ఒక అడుగు వెనక్కి జరిపితే తీరిపోతుందనుకుంటారు. తీరదు. చేతులు ఆలస్యమైతే కుర్రాడు ఆఖరి అడుగు సాగదీసి మళ్లీ అక్కడికే వస్తాడు. సరిచెయ్యవలసింది చేతుల్ని. ఆఖరి మూడు అడుగులు ఎడమ, కుడి, ఎడమ. మొదటి ఎడమ పడేసరికి కుడి చెయ్యి తుంటి దగ్గర నుంచి చంక వైపు కదలాలి. కుడి పడేసరికి చెవి పక్కకి రావాలి. చివరి ఎడమ పడకముందే, మళ్లీ చెప్తున్నాను, పడకముందే, రెండు చేతులూ తల పైన పూర్తిగా చాచి ఉండాలి. పెత్రోవ్ పద్ధతి గుండెకాయ ఇదే. గెడ బాక్సు గోడని కొట్టే లోపే మనిషి నేల వదిలేస్తూ ఉండాలి. గెడ అతన్ని లేపకూడదు, అతను లేచి గెడని లేపాలి.

దీనికి గెడ దించే చోటే అక్కర్లేదు. గడ్డి మీద మూడు అడుగులు నడుస్తూ "చంక, చెవి, పైకి" అని పైకే చెప్పిస్తూ రోజుకి నలభై సార్లు. తర్వాత మెల్లటి పరుగులో. తర్వాత గెడ కొనని గోడ మూలకి ఆనిస్తూ, ఎగరకుండా, చేతులు చాచి ఆగిపోవడం. ఆగిన చోట బొటనవేలి నుంచి నిలువుగా చూడండి, పై చెయ్యి సూటిగా పైనే ఉందా? చివరి అడుగు ముందరి దాని కంటే అరజాన చిన్నదిగా, చురుగ్గా పడాలి. చూపు గెడ కొన మీద కాదు, ఎదురుగా బారుకి కొంచెం పైన. గెడ కొనని చూస్తూ పరిగెత్తేవాడి తల వంగుతుంది, తల వంగితే చేతులు వంగుతాయి.

ఒక కోచ్ గుర్తు కూడా పెట్టుకోండి. ఎగిరే చోటుకి ఆరు అడుగుల ముందు రన్‌వే పక్కన సున్నం గీత. ప్రతి పరుగులో ఎడమ పాదం ఆ గీత మీద పడిందా లేదా ఒకరు చూసి చెప్పాలి. అక్కడ సరిగ్గా పడి చివర్లో లోపలికి వస్తే తప్పు చేతులది. అక్కడే తప్పితే తప్పు పరుగుది. ఈ రెండూ కలిపి సరిచెయ్యబోతే ఏదీ సరికాదు.

రాయగడ ఫీల్డ్ కోచ్

గుణుపురం గారి మాటకి చిన్న చేర్పు. నడుం పట్టేస్తున్నప్పుడు పట్టు 2.70 నుంచి 2.40కి దించి, మళ్లీ నాలుగు అడుగులకి తెండి. వెదురు కొనని ఇసుకలో కాకుండా, పాత లారీ టైరు ముక్క నేలలో పాతి దాని మీదకి దించితే దెబ్బ మెత్తగా తగులుతుంది.

బాక్సు మీ ఊరి వెల్డింగు షాపులోనే చేయించవచ్చు. అడుగు పొడవు ఒక మీటరు, ముందు వెడల్పు 60 సెం.మీ., వెనక గోడ దగ్గర 15 సెం.మీ., లోతు 20 సెం.మీ., వెనక గోడకీ అడుగుకీ మధ్య కోణం 105 డిగ్రీలు. ఆ కోణం 90కి చేస్తే గెడ వంగేటప్పుడు గోడ అంచుకి ఒరుసుకుని చిట్లుతుంది. చెక్కతో చేస్తే అడుగున ముందు నుంచి 80 సెం.మీ. దాకా రెండున్నర మిల్లీమీటర్ల రేకు వెయ్యాలి. పై అంచు నేలకి సమంగా ఉండాలి. అడుగున చిల్లు పెట్టి కింద కంకర పోయండి, లేకపోతే మన వానలకి కుండీ అయిపోతుంది.

పరుపు విషయంలో తగ్గకండి. చిన్న పోటీలకే నియమం 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, బాక్సుకి రెండు పక్కలా ముందుకి వచ్చే ముక్కలు దానికి అదనం. పెద్ద పోటీలకి 6 మీటర్లు, 80 సెం.మీ. మందం. ఫోము దిమ్మల మధ్య సందులే అన్నిటికంటే ప్రమాదం. అన్నిటినీ కలిపి వల బిగించి, పైన ఒకే ముక్క పరుపు పరవాలి. కింద చెక్క పట్టీలు వెయ్యకపోతే నెల రోజుల్లో నీళ్లు తాగి బండరాయి అవుతుంది. పరుపు వచ్చేదాకా నెలకి రెండుసార్లయినా భువనేశ్వర్ కళింగ స్టేడియం లాంటి చోట, కోచ్ ఉన్నప్పుడు దూకించగలిగితే ఆ రెండు రోజులే తలకిందుల పని. ట్రాంపోలిన్ దొరికితే కోచ్ లేకుండా ఎక్కనివ్వొద్దు. 5.00 దాటిన మొదటివాడు బ్రయాన్ స్టెర్న్‌బర్గ్, 1963లో, ఆ ఏడాదే ట్రాంపోలిన్ మీద పడి మెడ కింద చచ్చుబడిపోయాడు.

బరంపురం పోల్స్

పోటీకి వెళ్లేముందు తెలియాల్సినవి ఎవరూ రాయలేదు, అందుకే ఇంకోసారి.

వరసగా మూడు తప్పితే ఆట అయిపోయినట్టే. మొదటి ఎత్తులోనే మూడూ తప్పితే ఫలితం కాయితం మీద ఎత్తే ఉండదు. ఇది చిన్నవాళ్లకే వచ్చే కష్టం కాదు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో బూబ్కా ఒక్క ఎత్తూ దాటలేదు. 1996లో కాలి గాయంతో దూకకుండానే తప్పుకున్నాడు, 2000 సిడ్నీలో మళ్లీ ఎత్తు లేకుండా వెళ్లిపోయాడు. 35 రికార్డులవాడికి ఒలింపిక్ స్వర్ణం ఒక్కటే, 1988 సియోల్, 5.90. ఇసిన్‌బయేవా 2009 బెర్లిన్ ప్రపంచ పోటీల్లో ఎత్తు లేకుండా ఏడుస్తూ వెళ్లింది, పదకొండు రోజులకి జ్యూరిక్‌లో 5.06 ప్రపంచ రికార్డు. కాబట్టి మీ కుర్రాడి మొదటి ఎత్తు ప్రాక్టీసులో పదికి తొమ్మిదిసార్లు దాటేదే రాయించండి. అతని ఉత్తమం 3.00 అయితే 2.60.

బారు ఎక్కడుండాలో అడిగే హక్కు దూకేవాడిదే. బాక్సు వెనక గోడ గీత నుంచి పరుపు వైపు 0 నుంచి 80 సెం.మీ. దాకా జరపమనవచ్చు. ఎక్కేటప్పుడే బారు తగిలితే ఇంకా లోపలికి, పై నుంచి పడేటప్పుడు తగిలితే దగ్గరకి. కొత్తవాళ్లకి 45 సెం.మీ. కంటే దగ్గరకి తేవొద్దు, బాక్సు వైపు పడే అవకాశం పెరుగుతుంది. పేరు పిలిచాక మామూలుగా ఒక్క నిమిషమే. గెడకి టేపు, చేతికి పొడి, పరుగు గుర్తు, అన్నీ అంతకుముందే అయిపోవాలి.

పరుపు నడుమ పడుతున్నాడా చూడండి. ముందు అంచుకి దగ్గరగా పడితే పట్టు ఐదు సెం.మీ. దించాలి. వెనక అంచుకి పోతుంటే అప్పుడే గట్టి గెడ. ఈ ఒక్క నియమం మీద గెడల మెట్లన్నీ నడుస్తాయి.

మన దేశంలో ఈ మెట్లు ఎంత నెమ్మదో కూడా కుర్రాడికి చెప్పండి. 1987లో విజయ్‌పాల్ సింగ్ 5.10 మూడు దశాబ్దాలు నిలిచింది. 2022 గాంధీనగర్ జాతీయ క్రీడల్లో శివ సుబ్రమణ్యం 5.31 దూకాడు. 2025లో మధ్యప్రదేశ్ దేవ్ మీనా ఫిబ్రవరిలో దెహ్రాదూన్‌లో 5.32, ఏప్రిల్‌లో కొచ్చిలో 5.35 చేశాడు.

పేరు నమోదు సంగతి ఇప్పుడే చూసుకోండి. సరిహద్దు పిల్లలకి ఇక్కడే చిక్కు. ఆంధ్రాలో పాతపట్నం వైపు చుట్టాలున్నారని అక్కడి మీట్‌లో ఒకసారి, ఇక్కడొకసారి పేరు ఇస్తే తర్వాత అభ్యంతరం వస్తుంది. చదువు, నివాసం ఒడిశాలో కాబట్టి జిల్లా సంఘం ద్వారా ఒడిశా తరఫునే నమోదు చేయించండి. జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో, స్కూలు రిజిస్టరులో పేరు ఒకేలా ఉందా? ఒడియాలో, తెలుగులో పలికే తేడాకి ఇంగ్లిషు అక్షరాలు మూడు రకాలుగా పడతాయి. అది ఇప్పుడే సరిచేయించాలి, అండర్-18 మీట్‌కి వారం ముందు కాదు.

పర్లాకిమిడి పీఈటీ

నేటితో పదహారు రోజులు గడ్డి మీద "చంక, చెవి, పైకి" మాత్రమే. నడుం నొప్పి పది రోజుల కిందటే పోయింది. ఈ ఉదయం పట్టు 2.40, నాలుగు అడుగులు, టైరు ముక్క మీదకి దించి ఎనిమిది ఎగురుళ్లు. లెక్క ప్రకారం పాదం 1.16 దగ్గర పడాలి. ఆరుసార్లు 1.10కీ 1.20కీ మధ్య పడింది, రెండుసార్లు 1.02. ఆ రెండుసార్లూ గెడ కొనని చూశాడు. స్కూలు రిజిస్టరులో ఇంటి పేరు ఒక అక్షరం తేడా ఉంది, దరఖాస్తు పెట్టాం. బాక్సుకి రేకు కోయిస్తున్నాం, 105 డిగ్రీల అట్టముక్క కత్తిరించి వెల్డింగు అతని చేతికి ఇచ్చాను.